కరెంటు కాపడం

"షైనీ, పాజిటివ్ అంట," అన్నాడు స్టీవెన్ ఫోన్లో. అంతే, ఆ మాట తర్వాత అతని ఊపిరి, ఊపిరి వెనక రోడ్డు మీద ఆటోల హారన్లు, ఎవరో రీచార్జి కార్డు అడగడం, "ఒక్క నిమిషం గురూ, ఒక్క నిమిషం" అని అతను ఆ మనిషిని బతిమాలడం, మళ్ళీ ఊపిరి. షైని ఒక చేత్తో ఫోను చెవికి నొక్కుకుని, రెండో చేతిలో పటకారుతో, వేడినీళ్ళ పెట్టెలోంచి అప్పుడే పైకి లాగిన కాపడం సంచిని గాల్లో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సంచిలోంచి నీళ్ళు ధారగా కారి చెప్పు మీద, కాలివేళ్ళ మీద పడుతున్నాయి, పడనీ, ఇవాళ ఏం పడినా పడనీ, పాజిటివ్ అంట. పొద్దున్న ఇద్దరూ బండి మీద ల్యాబుకి వెళ్ళి, లోపలికి నువ్వెళ్ళు అంటే నువ్వెళ్ళు అని గుమ్మంలో తోసుకుని, ఆ చిన్న సీసా బల్ల మీద పెట్టి దొంగల్లా బయటికొచ్చి, ఎదురుగా ఉన్న కొట్లో నిమ్మసోడా తాగారు. స్టీవెన్ ఎస్టీడీ బూత్ తీసేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టినా పెళ్ళానికి ఫోన్ చెయ్యడానికి మాత్రం పైసా ఖర్చు పెట్టడు, అన్నీ మిస్డ్ కాల్సే. ఒక్క రింగైతే అన్నం తిన్నాను, రెండైతే నువ్వు గుర్తొచ్చావు, మూడైతే సాయంత్రం త్వరగా రా అని వాళ్ళిద్దరి భాష. ఇవాళ మూడు దాటింది, నాలుగు దాటింది, రింగు ఆగలేదు, అప్పుడే ఆమెకి తెలిసిపోయింది, గుండె ముందు తెలుసుకుని చెవి తర్వాత విన్నది. పెళ్ళిచీరల పెట్టెలో కలరా ఉండల వాసనైనా పోలేదింకా. ఆ వాసన కూడా ఎంత బావుంటుందో, ఆ పెట్టె తెరిచినప్పుడల్లా ఆమెకి పెళ్ళినాటి సాయంత్రం గుప్పుమంటుంది. ఏవండీ, ఇంకోసారి చెప్పండి, అందామని నోరు తెరిచింది.

కానీ ఫోన్లోకి అత్తగారు దీవెనమ్మ వచ్చింది. కొట్లోనే ఉంది కాబోలు, కొడుకు చేతిలోంచి ఫోను లాక్కున్నట్టు టకటకమని చప్పుడైంది. "అమ్మా షైనీ, దేవుడికి స్తోత్రం, స్తోత్రం. ఇదిగో, జాగర్తగా ఇను. ఎవరికీ చెప్పకు. మూడో నెల దాటేవరకు నోటమ్మట రాకూడదు. మీ అమ్మకి కూడా చెప్పొద్దు. ఆస్పత్రిలో అసలే చెప్పొద్దు, మీ డాక్టరు గారి భార్యకి తెలిసిందంటే సాయంకాలానికల్లా చర్చి సంఘమంతా తెలిసిపోద్ది. ఎవరైనా అడిగితే ఏమీ లేదని చెప్పెయ్యి. తెలిసిందా?" "అత్తయ్యా, నేను ఆ మెషిన్ దగ్గర..." "మెషిన్ లేదు గిషిన్ లేదు. దిష్టి అని నేను అనను, మనం యేసుని నమ్మినవాళ్ళం. కానీ సాతానుకి చెవులు పెద్దవి." ఫోన్ మళ్ళీ స్టీవెన్ చేతికి వచ్చింది. అతను గొంతు తగ్గించి, "అమ్మ చెప్పినట్టు చేద్దాం షైనీ, మూడు నెలలేగా," అన్నాడు, పెట్టేశాడు.

మూడు నెలలేగా. అతనికేం, రీచార్జి కార్డులు అమ్ముకుంటాడు. ఒక్క వాక్యంలో పండగ ఇచ్చి మరో వాక్యంలో లాగేసుకున్నారు, తల్లీ కొడుకూ కలిసి, నా ఒంట్లో వార్తని నాకంటే ముందు విని, నా నోటికి వాళ్ళే తాళం వేసి. షైని సంచిని తువ్వాల్లో చుట్టింది, మడత మీద మడత, కసిగా, ఎన్ని మడతలు పెడుతోందో చూసుకోకుండా. గోడవార స్టూలు మీద దేవరాపల్లి రైతు త్రినాధరావు చొక్కా విప్పి కూర్చుని ఉన్నాడు, చెరకు లోడు ఎత్తుతుంటే భుజం పట్టేసిన మనిషి. ఆయన భుజం మీద సంచి వేసింది. "అబ్బ, సల్లగా ఉందేటమ్మా," అన్నాడాయన. మడతలు ఎక్కువైపోయాయి. రెండు మడతలు తీసింది. "ఆఁ, ఇప్పుడు తగుల్తంది," అని కళ్ళు మూసుకున్నాడు.

తెర వెనక బల్ల మీద ఇంకో మనిషి ఉంది. దివ్య. ఫోన్ రాకముందే పడుకోబెట్టింది, కోటవురట్ల దగ్గర పల్లెటూరు, కొత్తగా పెళ్ళైన పిల్ల, కాళ్ళకి పారాణి ఇంకా అంచుల్లో ఎర్రగానే ఉంది. నడుంనొప్పి. కండరం పట్టింది, ఎక్స్‌రే అక్కర్లేదు, కరెంటు కాపడం పెట్టించుకోండి అని డాక్టరు గారు చీటీ రాసి పంపారు. పక్కనే అత్తగారు అప్పలనర్సమ్మ, సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఇవాళే మొదటిరోజు. మొలతాడు తీయించింది, గాజులు తీయించింది, మెట్టెలు తీయించింది, ఏ లోహమూ ఒంటి మీద ఉండకూడదని, పుస్తెలు దగ్గరికొచ్చేసరికి అప్పలనర్సమ్మ ఒప్పుకోలేదు, వాటి బదులు మెడలో పసుపుతాడు కట్టించి సరే అనిపించింది. వీపు వెనక ఒకటి, పొట్ట పక్కన ఒకటి, తువ్వాలు మడతల మధ్య రెండు రబ్బరు పలకలు సర్దింది. ఇంక మీట తిప్పడమే. త్రినాధరావు భుజానికి సంచి వేసొచ్చి తిప్పుదామనుకుంటుంటే ఫోన్. ఫోన్ పెట్టేసి తెర తీసుకుని లోపలికొచ్చి మీట మీద చెయ్యి వేసిందో లేదో ఫ్యాను మూలిగింది, నెమ్మదించింది, ఆగిపోయింది. కరెంటు పోయింది. అనకాపల్లిలో వేసవి మధ్యాహ్నం కరెంటు పోవడం ఒక వింతా కాదు, విశేషమూ కాదు, జనరేటరు ఆపరేషన్ గదికే పనిచేస్తుంది, ఈ గదికి రాదు. "అయిపోయింది," అంది అప్పలనర్సమ్మ, "మా బస్సు ఎలిపోద్దింక." "వచ్చేస్తుందమ్మా, పడుకోనివ్వండి," అంది షైని, అని తన చెయ్యి ఇంకా మీట మీదే ఉందని చూసుకుని, నిప్పు మీంచి తీసినట్టు తీసేసింది.

వచ్చేస్తుంది. కరెంటు వచ్చేస్తుంది, వస్తే ఈ మీట తిప్పాలి, తిప్పి ఈ మెషిన్ పక్కనే నిలబడాలి. ఈ మెషిన్‌కి గంట కొట్టే సదుపాయం పాడై చాలాకాలమైంది, మనిషి పక్కన నిలబడి చూసుకోకపోతే లోపల ఎంత వేడెక్కిందో తెలీదు. కాపడం సంచి పైన కాలుస్తుంది, చర్మం అరుస్తుంది, తీసేస్తాం. ఇది అలాక్కాదు, ఇది పైన ఏమీ తెలియనివ్వదు, గోరువెచ్చగా ఉందమ్మా అంటారు, లోపల కండరం దాకా, ఎముక దాకా వెళ్ళిపోతుంది. పాప కడుపులో ఉన్న మనిషికి నడుం మీద, పొట్ట మీద ఇది పెట్టకూడదు, పెట్టే మనిషి గర్భిణి అయితే ఆవిడా దగ్గర నిలబడకూడదు, దూరంగా ఉండాలి. విశాఖపట్నంలో ఫిజియోథెరపీ కాలేజీలో లావుపాటి అద్దాల మేడం ఒకావిడ ఈ పాఠం చెప్పింది. వెనక బెంచీలో షైనీ, స్నేహితురాలు జాయ్స్ మల్లెపూలు పంచుకుంటుంటే సుద్దముక్క విసిరి, "నవ్వండమ్మా, రేపు మీ కడుపులోనే పడినప్పుడు గుర్తొస్తాను," అంది. గుర్తొచ్చావు మేడమ్. "చాలామందికి ఏమీ అవ్వదు," అని కూడా అందావిడ, "కానీ తల్లి కడుపు దగ్గర మనం చాలామంది లెక్క వెయ్యం." మరి నెలరోజులుగా నేను ఎక్కడ నిలబడ్డాను? మీట తిప్పి తెర ఇవతలికి వచ్చేదాన్నా, అక్కడే ఉండేదాన్నా? త్రినాధరావు గారికి ఐసు పెట్టిన రోజుల్లో ఇటే ఉన్నాను. మోకాళ్ళ నొప్పికి వచ్చే ముసలమ్మ కథలు చెప్పే రోజుల్లో అక్కడే, ఆ కథలు ఎంత బావుండేవి, నవ్వుకుంటూ మెషిన్‌కి ఆనుకుని... ఆనుకుని. ఛీ.

ఈ గది. ఈ గది మీద ఇంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు. మంచి పొడవాటి గదే ఇది, డాక్టర్ జాన్ పాల్ గారు సగానికి చెక్కగోడ కొట్టించి అవతలి భాగం మందుల షాపుకిచ్చారు, మిగిలిన సగంలో వేడినీళ్ళ పెట్టె, మైనం తొట్టి, ఐసు ఫ్రిజ్జు, రెండు బల్లలు, ఆ మెషినూ, షైనీ. చేతులు బారజాపితే ఇటు ఐసు అటు నిప్పు. చేరిన కొత్తలోనే అడిగింది, సార్, ఆ మెషిన్ని చివరి గదిలోకి మార్చుదాం సార్ అని. చూద్దామమ్మా అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, సంఘంలో పెద్ద, ఆదివారం ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని పాడతారు, చూద్దాం అని కూడా అలాగే కళ్ళు మూసుకునే అంటారు. ఇప్పుడు వెళ్ళి, సార్, నేను ఇంక ఆ మెషిన్ ముట్టను అంటే ఎందుకంటారు. ఎందుకో చెప్తే ఆయన భార్యకి చెప్తారు, ఆవిడ మొక్కజొన్న పేలాలు విదిలించినట్టు ఊరంతా విదిలిస్తుంది. చెప్పకపోతే ముట్టాలి. ఎంత చక్కగా కుదిరిందో చూడు, అటు సాతాను చెవులు, ఇటు డాక్టరు గారి కళ్ళు, మధ్యలో బఠాణీ గింజంత నా బిడ్డ. దాన్ని కాపాడ్డం కోసం దాని సంగతి చెప్పొద్దంటారు, చెప్పకపోతే దాన్ని మెషిన్ పక్కన నిలబెట్టాలి, ఇదెక్కడి కాపాడ్డం అత్తయ్యా? పైగా, మెషిన్ లేదు గిషిన్ లేదంట. నాలుగున్నరేళ్ళు చదివాను. ఇంట్లో మామగారికి మెడ పట్టేస్తే నేను పక్కన ఉండగానే ఆవిడ ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టింది, చీలమండ బెణికితే వాచిన కాలుకి ఆముదం రాసి వేడివేడి ఇసుక మూట వేసింది, వాపు రెట్టింపయింది, ఐసు పెడదాం అత్తయ్యా అంటే "చల్లది పెడితే చచ్చిన నరం లేవదు" అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నవ్వుకుంది షైని అప్పుడు. కొత్తకోడలు, ఏదైనా నవ్వే. ఆవిడ పెట్టే చేపలపులుసుకి, నా జడ తనే వేసి చివర రిబ్బను ముడి బిగించేటప్పుడు నా మెడ మీద తగిలే ఆ గరుకు వేళ్ళకి, ఆ ఇటుకలన్నీ క్షమించేశాను. ఇప్పుడు ఒక్కో ఇటుకా లేచి వచ్చి వరసగా నిలబడుతోంది.

చెమట. గదిలో గాలి లేదు, వేడినీళ్ళ పెట్టె మూత సందుల్లోంచి ఆవిరి, కిటికీ లోంచి ఎక్కణ్ణుంచో పాకం కాగుతున్న తీపి వాసన, ఈ ఊరి గాలి ఎప్పుడూ సగం బెల్లమే. ఆ వాసనకి మామూలుగా ప్రాణం లేచొస్తుంది, ఇవాళ కడుపులో చిన్నగా తిప్పింది. తిప్పగానే నవ్వొచ్చింది. ఓహో, నువ్వేనా? నీకు బెల్లం పడదా? అనకాపల్లిలో పుట్టబోతూ బెల్లం పడకపోతే ఎలాగే, ఏమి కోతిపిల్లవి నువ్వు? ఎవరికైనా చెప్పాలి, ఈ క్షణాన్నే చెప్పాలి, నా బిడ్డకి బెల్లం వాసన పడలేదట అని, అది ఎంత గొప్ప వార్త! చెప్పకూడదు. మూడో నెల. కోపం మళ్ళీ వేడినీళ్ళలా పైకి పొంగింది. అయితే ఆ పొంగు కింద ఒక చల్లటి సంగతి ఉంది, దాన్ని తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంది. పెళ్ళైన కొత్తలో పూడిమడక సముద్రం దగ్గర, ఎండలో వేయించిన చేప ముక్కలు కాగితంలో తింటూ స్టీవెన్ చెప్పాడు, నాకంటే ముందు అమ్మకి ఒకడు పుట్టాల్సింది షైనీ అని. దీవెనమ్మ అప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్ల. తెలిసిన రోజే ఆనందం ఆపుకోలేక ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పేసిందట, నీళ్ళ కుళాయి దగ్గర, కూరల బుట్ట దగ్గర, పిల్లిని పట్టుకుని కూడా చెప్పిందట. ఆ నెల దాటకుండా పోయింది. ఇంక చూడు, కుళాయి దగ్గర ఉన్నవాళ్ళే, ముందే టాంటాం వేసుకుందిగా అన్నారట, నోటి దూల అన్నారట, ఆ మాట ఆవిడ చెవిన పడేలాగే అన్నారట. ఏడవడానికి చోటు లేక ఆవిడ కట్టెల గదిలో కూర్చునేదట. అందుకని ఆవిడ మీద కోపం తెచ్చుకోలేకపోతోంది షైని, తెచ్చుకోలేకపోవడం వల్ల ఇంకా కోపం వస్తోంది, ఎవరి మీదో, ఎప్పుడో చచ్చిపోయిన కుళాయి దగ్గర ఆడవాళ్ళ మీద. ఒక పిల్ల సంతోషపడితే ఓర్చుకోలేకపోయారా? ఆవిడ సంతోషాన్ని తప్పు కింద రాసేశారా? ఆ రాత ఇప్పుడు నా నోటి మీద కూడానా?

"అమ్మా, సంచి సల్లారిపోనాది," అన్నాడు త్రినాధరావు. తీసింది. పెట్టెలో నీళ్ళింకా వేడిగానే ఉన్నాయి గానీ భుజం ఎర్రగా ఉంది, చాలు, ఇప్పుడు ఐసు తిప్పాలి. ఫ్రిజ్జు తెరిచింది, ఐసు అంచుల్లో కరుగుతోంది, కరెంటు ఇంకాసేపు రాకపోతే నీళ్ళే. ఆ చల్లటి గాలి ముఖానికి తగిలి ఒక్క క్షణం హాయిగా, పండగలా, తలుపు మూయబుద్ధి కాలేదు. "ఐసొద్దమ్మా, నీకు దండమెడతాను, వాతం సేత్తాది. నిన్న పెట్టేవు కదా, రాత్రంతా నా పెళ్ళాం తిట్టింది, ఎవుడైనా డబ్బులిచ్చి వాతం కొనుక్కుంటాడా అని." "నిన్న చెయ్యి ఎంత వరకు లేచింది?" "సెవి వరకు." "ఇవాళ?" ఆయన ఎత్తి చూశాడు, తలపాగా ముడి అందింది, తనే ఆశ్చర్యపోయాడు. "ఇదంతా వేడి మహిమమ్మా," అన్నాడు ఓడిపోకుండా. ఐసు తువ్వాల్లో చుట్టి భుజం మీద పెడితే ఆయన వామ్మో అని అరిచి, మరుక్షణం ఆమె ముఖంలోకి చూసి, కళ్ళు చికిలించి, "ఏటమ్మా, ఇందాక ఫోనొచ్చినకాడ్నించి సూత్తన్నాను, ఓపాలి నవ్వుతావు, ఓపాలి పళ్ళు నూరుతావు. ఏదైనా ఇసేషమేటి?" అన్నాడు.

"అబ్బే, ఏమీ లేదండీ," అంది షైని.

ఆ మాట ఆమె నోట్లోంచి ఎంత త్వరగా వచ్చిందంటే, ఎంత గుండ్రంగా, నున్నగా, గులకరాయిలా వచ్చిందంటే, చెవికి అది తన మాటలా అనిపించలేదు. ఎక్కడో విన్నది. ఇప్పుడే విన్నది. ఇంతకుముందే, ఈ తెర వెనకే, దివ్యని పడుకోబెట్టి, ఈ మెషిన్ పెట్టేముందు ఆడవాళ్ళని తప్పక అడగాల్సిన మాట అడిగింది కదా, ఏమైనా విశేషమా అమ్మా అని. దివ్యని అడిగితే దివ్య నోరు తెరవకముందే అప్పలనర్సమ్మ అంది. "ఏటీ నేదమ్మా." ఇంతే త్వరగా, ఇంతే నున్నగా. తర్వాత దివ్య వాళ్ళ అత్త ముఖంలోకి చూసి, పైకప్పులోకి చూసి, తల ఊపింది, అవుననో కాదనో తెలియనట్టు. చీటీ మీద టిక్కు పెట్టేసింది షైని. రోజూ పెట్టినట్టే. అంతా ఏమీ లేదనే అంటారు. అంటే, అంటే, ఒక్క నిమిషం, ఏమీ లేనివాళ్ళు ఎలా అంటారు? మోకాళ్ళ ముసలమ్మ పడీపడీ నవ్వింది, ఈ వయసులో నాకా విశేషం, నా మొగుణ్ణడుగు అని. కాపడానికొచ్చిన జాయ్స్ పెద్దమ్మ తిట్టింది. నిజంగా లేనివాళ్ళు నవ్వుతారు, తిడతారు, నిట్టూరుస్తారు, ఇంకా లేదమ్మా అని కళ్ళు దించుకుంటారు. ఉన్నవాళ్ళే ఇలా, గులకరాయిలా. పెళ్ళై కొద్ది నెలలు, బరువెత్తలేదు, పడలేదు, కండరం పట్టడానికి కారణమేదీ చెప్పలేదు, నడుం. నడుం లాగడం మొదట్లో ఉంటుందని పుస్తకంలో ఉంది, ఇవాళ పొద్దున్నుంచి తన నడుమూ అలాగే లాగుతోంది. షైని తెర తీసింది. దివ్య చెయ్యి ఒకటి పొట్ట మీద పలక పక్కన ఉంది, పలకని తాకకుండా, పలకకీ తనకీ మధ్య అడ్డం పెట్టినట్టు.

"అప్పలనర్సమ్మ గారూ, ఫ్రిజ్జులో ఐసు కరిగిపోతోంది, ఆయాని కేకేసి బకెట్టు తెమ్మంటారా, వరండా చివర ఉంటుంది." "నువ్వే పిలూ తల్లీ." "నేను ఈ పలకలు వదలకూడదు." అబద్ధం. బతుకులో ఇంత మంచి అబద్ధం ఆడలేదు. ఆవిడ సణుక్కుంటూ లేచి వెళ్ళగానే షైని వంగి దివ్య చెవి దగ్గర, గుసగుసగా, రోజంతా పిడికిట్లో పట్టుకున్న పిట్టని వదిలినట్టు, "నాకు పాజిటివ్ వచ్చింది. ఇప్పుడే తెలిసింది. మా ఆయన ఫోన్ చేశాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు, నీకే మొదట చెప్తున్నాను," అంది.

దివ్య కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత ఆ కళ్ళు నిండాయి. "నాకు రెండో నెల," అంది. "అత్త సెప్పొద్దంది. నడుం లాగేత్తంటే పడుకోలేకపోతన్నాను, కాపడమే కదా, ఏటవద్దిలే అంది. డాక్టరుకాడా సెప్పనీలేదు. ఇది... దీనివల్ల ఏటన్నా అవుద్దా అక్కా?"

అక్కా. షైని జవాబు చెప్పకముందే, ఫ్యాను మూలిగింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుంది. కరెంటు వచ్చింది, మెషిన్ ముందు భాగంలో ఎర్రదీపం వెలిగింది. ఆ ఎర్రదీపాన్ని చూస్తే షైనికి ఒళ్ళంతా మండిపోయింది, భయం కాదు, కోపం, శుద్ధమైన కోపం, ఇంక అందులో ఎవరికీ వాటా లేదు. గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పట్టుకుని ఊడబీకింది. తీగతో సహా నేల మీద పడేసింది. పలకలు తీసి అవతల పెట్టింది, దివ్యని పక్కకి తిప్పి మోకాళ్ళ మధ్య తలగడ పెట్టింది, "ఇవాళ ఏమీ పెట్టలేదు, మీట తిప్పనేలేదు. ఏమీ అవ్వదు. అర్థమైందా? ఏమీ అవ్వదు," అంది, ఎంత గట్టిగా అందంటే చెక్కగోడ అవతల మందుల షాపు కుర్రాళ్ళు మాటలాపేశారు.

అప్పలనర్సమ్మ బకెట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటది? కరెంటు ఒచ్చింది కదా, తీసేసేవేటి?"

"మీ కోడలికి రెండో నెల. ఇది పెట్టకూడదు."

ఆవిడ బకెట్టు దింపింది. కోడలి వంక చూసిన చూపుకి దివ్య తలగడలోకి ముడుచుకుపోయింది. "సెప్పేసేవా? ఓసి నంగనాచీ, అత్త నోట్లో మన్ను కొట్టేవు. ఈవిడెవుర్తని సెప్పేవే?"

"నేను అడిగాను కాబట్టి చెప్పింది. మిమ్మల్నీ అడిగాను, మీరు లేదన్నారు. ఆ మెషిన్ పెట్టుంటే? లోపల ఉడికితే పైకి తెలీదమ్మా దీంతో. రేపు ఏదైనా అయితే దిష్టి తగిలింది అనేవారు. కరెంటు తగిలింది అనేవారా?"

"నాకేటి తెలుసు," అంది అప్పలనర్సమ్మ. గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది. "ఇటుకరాయి కాపడం లాటిదే అనుకున్నాను. మా అత్త నాకు సెప్పింది, మూడో నెల వరకు పేగుకి కూడా తెలీకూడదని. నాను దీనికి సెప్పేను." అవతల స్టూలు మీంచి త్రినాధరావు అందుకున్నాడు, భుజాన ఐసు పట్టుకునే, "వదినా, పేగుకి తెలీకపోతే బిడ్డెలా పెరుగుద్ది? కూకో, మంచినీళ్ళు తాగు," అని. ఎవరికీ నవ్వు రాలేదు గానీ ఆవిడ కూర్చుంది. కూర్చుని, కాసేపటికి, కోడలి జారిన పమిట సర్దింది.

కేకలకి డాక్టర్ జాన్ పాల్ గారు వచ్చారు. మెడలో స్టెతస్కోపు, ముఖంలో విసుగు. నేల మీద తీగ చూశారు. "ఏంటమ్మా షైనీ ఇది?" ఆమె చీటీ చూపించి చెప్పింది. ఆయన ముఖం మారింది. "నేనడిగాను కదా, లేదన్నారు." "అందరినీ అత్తల ముందే అడుగుతున్నాం సార్. నేనూ అలాగే అడిగాను. ఇంకనుంచి ఒంటరిగా అడగాలి." "సరే, సరే, ఇవాళ పెట్టలేదు గదా, అయిపోయింది. లేడీ డాక్టరు దగ్గరికి పంపు. ఆ మెషిన్ ప్లగ్గు పెట్టి, బయట మోకాళ్ళావిడ ఉంది, ఆవిడకి పెట్టేసెయ్." "నేను పెట్టను సార్." "ఎందుకని?" దివ్య తలగడ మీంచి తల ఎత్తి ఆమెనే చూస్తోంది. ఏమీ లేదు సార్, తల తిరుగుతోంది అనొచ్చు. ఎండ, ఉక్క, కరెంటు పోయింది కదా సార్ అనొచ్చు. ఈ పిల్ల చేత ఇప్పుడే నోరు తెరిపించి, అత్త చేత తిట్టించి, తను ఆ గులకరాయి మళ్ళీ నోట్లో పెట్టుకోవచ్చు.

"నాకూ పాజిటివ్ వచ్చింది సార్. ఈ మెషిన్ చివరి గదిలోకి మారేవరకు, మారినా, నేను దీని దగ్గరికి రాను. వేడినీళ్ళు, మైనం, ఐసు, కసరత్తులు, అన్నీ చేస్తాను. ఇది మాత్రం ఇంకెవరైనా చెయ్యాలి."

ఆయన నోరు తెరిచి, చూద్దాం అనబోయి, ఆమె ముఖం చూసి ఆ మాట మింగేశారు. "శుభం," అన్నారు. "శుభమమ్మా. సోమవారం మార్పించేస్తాను." వెళ్తూ గుమ్మం దగ్గర అప్పుడే జేబులోంచి ఫోను తీస్తున్నారు, ఎవరికో షైనికి తెలుసు. త్రినాధరావు, "నానడగలేదేటి? ఇసేషమని నానే ముందు కనిపెట్టేను," అని ఐసు పెట్టించుకోని చేత్తో తొడ చరుచుకున్నాడు.

ఎర్రదీపం ఆరి ఉంది. షైని కిటికీ దగ్గరికి వెళ్ళి స్టీవెన్‌కి ఫోన్ చేసింది, మిస్డ్ కాల్ కాదు, మొత్తం రింగు, అతను ఎత్తేదాకా. "అత్తయ్యకి ఇవ్వండి." "ఏమైంది? ఒంట్లో..." "ఒంట్లో బావుంది. మీ మీద తర్వాత కోప్పడతాను, సాయంత్రం, తీరిగ్గా. ముందు అత్తయ్యకి ఇవ్వండి." ఫోన్ చేతులు మారింది. దీవెనమ్మ, "ఏం షైనీ," అంది, ఆ రెండు మాటల్లోనే పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి కట్టెల గదిలో ఉలిక్కిపడ్డట్టు వినిపించింది షైనికి. కోపంతో మొదలుపెడదామనుకున్నది, కోపంతోనే మొదలుపెట్టింది, కానీ అది ఆవిడ వైపు తిరగలేదు. "అత్తయ్యా, నేను చెప్పేశాను. డాక్టరు గారికి, ఇంకో ముగ్గురికి. చెప్పకపోతే ఆ మెషిన్ పక్కన నిలబడాలి, నేను నిలబడను, మీ మనవణ్ణి నిలబెట్టను. సాయంత్రానికి సంఘమంతా తెలుస్తుంది."

"చెప్పేక ఏదైనా అయితేనో?" అంది దీవెనమ్మ, నెమ్మదిగా. "ఏమంటారో నీకు తెలీదే అమ్మా. నీకు తెలీదు."

"ఏదైనా అయితే అందరి ముందూ ఏడుస్తాను. మీరు నా పక్కన ఉంటారు. అప్పుడు ఎవరైనా ఒక్క మాట అంటే, అత్తయ్యా, ఒక్క మాట, నేను ఊరుకోను, మిమ్మల్ని అన్నదానికి కూడా కలిపి అడుగుతాను." ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు. "ఇంకొకరు చెప్పుకునేదాకా ఎందుకు అత్తయ్యా?" అంది షైని. "రేపు ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకోమని సాక్ష్యాలకి పిలిచినప్పుడు, నేనే లేస్తాను. మీరు ఆ నీలం అంచు చీర కట్టుకుని నా పక్కనే కూర్చోండి. నేను లేచినప్పుడు మీరూ లేవాలి. కడుపులోనే పోయిన మీ మొదటి వాడి సంగతి కూడా చెప్దాం."